కొండ తగ్గదు – పళ్ళు మార్చుకోవచ్చు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. గురించో, మెడికల్ బిల్లుల గురించో అనుకున్నాను. ఆ విషయాలు నాకన్నా బాగా తెలిసినవారు ఈ సభలో డజను మంది ఉన్నారు. "అవేం వద్దండీ, మీరు సైకిలు మీద కొండలెక్కుతారట కదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. నోటీసులో శీర్షిక చూసి ఒకరిద్దరు పళ్ళ డాక్టరుగారి ఉపన్యాసమని వచ్చారని ఇప్పుడే తెలిసింది. వారు క్షమించాలి. నేను చెప్పబోయే పళ్ళు నోట్లోవి కావు, సైకిలు ఫ్రీవీలుకు ఉండేవి. అయితే రెండూ అరిగేవే, రెండూ మార్చుకోదగ్గవే.

నేను వర్కుషాపులో ఫిట్టరుగా చేరి, చార్జిమన్‌గా రిటైరైనవాణ్ణి. వయసు 68. మనలో చాలామందిమి ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకుని సైకిలు కొనుక్కున్నవాళ్ళమే. షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర సైకిళ్ళ వరద ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. తరువాత స్కూటరొచ్చింది, పిల్లల కారొచ్చింది. సైకిలు వరండాలోంచి మెట్ల కిందికీ, అక్కణ్ణించి పాతసామాన్ల వాడికీ వెళ్ళిపోయింది. "ఎందుకు మానేశారండీ?" అని అడిగితే వందలో తొంభైమంది చెప్పే జవాబు ఒకటే: "వయసైపోయింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి." ఆ జవాబులో వయసు వాటా ఎంత, సైకిలు వాటా ఎంత అన్నది తేల్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక చిన్న లెక్క. మన పాత నల్ల సైకిలుకు ముందు చైన్‌వీలుకు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉండటం మామూలు. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం కాబట్టి, పెడలు చుట్టుకి సుమారు అయిదున్నర మీటర్లు ముందుకు పోతాం. చదును రోడ్డు మీద ఇది బ్రహ్మాండమైన ఏర్పాటు. నింపాదిగా తొక్కినా గంటకి పదిహేను కిలోమీటర్లు వెళ్ళవచ్చు.

ఇప్పుడు ఎత్తు వచ్చిందనుకోండి. వంద మీటర్లు పోతే అయిదు మీటర్లు లేచే వాలు. మన ఘాట్ రోడ్లలో ఇది మామూలే. మనిషి 65 కిలోలు, సైకిలు 20 కిలోలు, మొత్తం 85. ఆ వాలు మీద ఈ బరువు మనల్ని వెనక్కి లాగే లాగుడు నాలుగుంపావు కిలోలు. టైరు రాపిడి కలిపితే అయిదు కిలోలు అనుకోండి. అయిదేగా అనిపిస్తుంది. కాని ఆ అయిదు కిలోలు చక్రం అంచు దగ్గర. క్రాంకు పొడవు ఆరున్నర అంగుళాలే, చక్రం సగం పద్నాలుగు అంగుళాలు. దాన్ని ఈ రెండున్నర రెట్ల గేరుతో హెచ్చిస్తే పెడలు దగ్గరికొచ్చేసరికి సగటున 26 కిలోలవుతుంది. పెడలు పైనా కిందా ఉన్నప్పుడు తోపు పనిచేయదు కాబట్టి, క్రాంకు అడ్డంగా వచ్చినప్పుడు ఆ లోటంతా తీరాలి. అక్కడ 40 కిలోల దాకా పోతుంది. అంటే సిమెంటు బస్తాలో అయిదింట నాలుగు వంతుల బరువును ప్రతి తొక్కుడుకీ ఒక్కో మోకాలూ తొయ్యాలి. అదీ వంగి ఉన్న మోకాలు.

మన వయసువాళ్ళు ఎత్తు మీద గంటకి ఏడు కిలోమీటర్ల వేగం మించనక్కర్లేదు. ఆ వేగంలో ఈ పాత గేరుతో పెడళ్ళు నిమిషానికి 21 చుట్లే తిరుగుతాయి. మూడు సెకన్లకొక చుట్టు. అది తొక్కడం కాదు, గానుగ తిప్పడం. కుర్రతనంలో లేచి నిలబడి, ఒళ్ళు బరువంతా పెడలు మీద వేసి ఎక్కించేశాం. అప్పుడు మోకాళ్ళు ఊరుకున్నాయి. ఇప్పుడు ఊరుకోవు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట మనవి చేస్తాను. 85 కిలోల బరువును వంద మీటర్ల ఎత్తుకి చేర్చే పని ఏ గేరులోనైనా ఒకటే. గేరు మార్చితే ఆ పని తగ్గదు. వెయ్యి రూపాయల అప్పు ఒక్కసారిగా తీర్చాలా, నెలకి ఇంతని వాయిదాల్లో తీర్చాలా అన్నంతే తేడా. పెద్ద గేరులో కొద్ది తొక్కుళ్ళు, ఒక్కొక్కటీ బరువు. చిన్న గేరులో ఎక్కువ తొక్కుళ్ళు, ఒక్కొక్కటీ తేలిక. వాయిదాల పద్ధతి విలువ పెన్షనర్లకి నేను చెప్పాలా?

ఈ వాయిదాల పద్ధతి కోసం ఫ్రాన్సులో ముప్ఫై ఏళ్ళకి పైగా తగాదా నడిచింది. ఆ కథ మనబోటివాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. సెంతేతియెన్ అనే ఊళ్ళో పాల్ ద వివీ అని ఒకాయన ఉండేవారు. 1853లో పుట్టారు. పట్టు వ్యాపారం మానుకుని సైకిళ్ళ దుకాణం పెట్టి, 1887లో ఒక సైకిలు పత్రిక కూడా మొదలుపెట్టారు. వెలోసియో అనే కలం పేరుతో రాసేవారు. ఆ ఊరి చుట్టూ కొండలు. కొండ ఎక్కాలంటే సైకిలుకు ఒకటికన్నా ఎక్కువ గేర్లు ఉండాలని ఆయన వాదన. తన సైకిలు మీద తానే రకరకాల చైన్‌వీళ్ళు వేసి పరీక్షలు చేసేవారు.

ఎదుటి పక్షం పెద్దమనిషి ఆన్రీ దెగ్రాంజ్. 1903లో టూర్ ద ఫ్రాన్స్ అనే ప్రపంచ ప్రసిద్ధమైన పందెం మొదలుపెట్టినది ఆయనే. 1902లో పిరనీస్ పర్వతాల్లో తూర్మలే కనుమ మీద ఒక పోటీ జరిగింది. దాని ఎత్తు 2,115 మీటర్లు. అందులో మార్త్ ఎస్ అనే మహిళ మూడు గేర్ల సైకిలు మీద ఎక్కి, గేర్ల సత్తా నిరూపించింది. అంత చూసీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు 45 ఏళ్ళు దాటినవాళ్ళకేనని, కుర్రాళ్ళు కండబలంతోనే గెలవాలని పత్రికలో రాశాడు. తన పందెంలో డెరైలరు గేర్లని 1937 దాకా రానివ్వలేదు. అందాకా పందెగాళ్ళు కొండ కింద దిగి, నట్లు విప్పి, వెనక చక్రం తిరగేసి, రెండో పక్కనున్న పెద్ద పళ్ళచక్రానికి చైను తగిలించుకుని ఎక్కేవారు.

ఆయన మాట ప్రకారం ఈ సభలో ఉన్న మనమందరం గేర్లకి అర్హులమే. నలభై అయిదు దాటి చాలాకాలమైంది. ఆయన వెటకారంగా అన్నదాన్ని మనం జి.ఓ. అనుకుని అమలు చేసుకుంటే తప్పు లేదు. వెలోసియో మాత్రం ముసలితనంలోనూ సైకిలు వదల్లేదు. 1930లో తన ఊళ్ళోనే, సైకిలును వెంటబెట్టుకుని పోతూ ట్రాము గుద్ది పోయారు. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి, అలసిపోయేదాకా తొక్కకూడదు, గొప్ప కోసం తొక్కకూడదు అన్నవి ఆయన నియమాలు. మన వయసుకి ఇంతకన్నా మంచి మందుచీటీ ఉండదు.

ఇక మన ఊరికి వద్దాం. మా సెక్షన్‌లో నాతో పనిచేసిన మిత్రుడొకాయన ఉన్నారు. ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పనని మాటిచ్చాను. సంగతి చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు. రిటైరైన తరువాత కూడా ఆయన వారానికి రెండుసార్లు సైకిలు మీద పూర్ణా మార్కెట్టుకి వెళ్ళి కూరలు తెచ్చేవారు. 2019లో వదినగారు కాలం చేశారు. ఆ తరువాత మార్కెట్టుకి వెళ్ళడం మానేశారు. కూరలు ఎవరికోసం తేవాలి అనేవారు. సైకిలు షెడ్డులో పడింది. కొన్నాళ్ళకి కుడి మోకాలు నొప్పి మొదలైంది. ఇంకొన్నాళ్ళకి గుమ్మం దాటడమే మానేశారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టుకి కూడా కొడుకే ఫోనులో ముఖం చూపించి పని కానిచ్చేశాడు. బతికున్నట్టు సర్కారుకి రుజువు దొరికింది గాని, మాకెవ్వరికీ మనిషి కనబడలేదు.

ఒకరోజు వెళ్ళి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్సురే చూసి, ఆపరేషను అవసరమేమీ లేదని, కండ పట్టు తగ్గిందని, బరువు పడకుండా కాళ్ళు ఆడించమని చెప్పారు. "సైకిలు తొక్కొచ్చాండీ?" అని నేనడిగాను. "తేలిగ్గా తొక్కగలిగితే తొక్కండి" అన్నారు డాక్టరుగారు. 'తేలిగ్గా' అన్న మాట నేను పట్టుకున్నాను.

ఆయన సైకిలు మా వరండాకి చేర్చి, ఇద్దరం మూడు వారాలు పొద్దున్నే కూర్చున్నాం. మొదట చైను కొలిచాం. చైనులో పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం. కొత్త చైను మీద స్టీలు స్కేలు పెడితే ఇరవైనాలుగు అర అంగుళాలు సరిగ్గా 12 అంగుళాలకి రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు ఎక్కువొచ్చిందంటే పళ్ళు కూడా అరిగిపోయినట్టే, చైను ఒక్కటే మారిస్తే లాభం లేదు. ఈయనది ఎనిమిదో వంతు కూడా దాటిపోయింది. చైన్‌వీలు పళ్ళు పిల్లిగోళ్ళలా వంగి ఉన్నాయి. కాటర్ పిన్నులు కొట్టి క్రాంకులు తీశాం. పాత గ్రీజు తుడిచి, పావు అంగుళం బాల్సు పక్కకి పదకొండు చొప్పున కొత్తవి పేర్చాం. ఎడమ పెడలుకు ఎదురు మర అన్న సంగతి మరిచిపోయి బిగించబోతే చెయ్యిపట్టి ఆపింది ఆయనే. ముప్ఫై ఏళ్ళ పనితనం చేతుల్లోంచి ఎక్కడికీ పోలేదు.

ఫ్రీవీలు 18 పళ్ళది తీసేసి 22 పళ్ళది వేశాం. అది కొనడానికి వెళితే దుకాణం కుర్రాడు, "మాస్టారూ, ఈ పాత సైకిలికి ఇంకా ఏటి చేస్తారండీ?" అన్నాడు. దాని ధర మనం నెలకి ఒకసారి ఆటోకి పెట్టే డబ్బు కూడా ఉండదు. పళ్ళు నాలుగు పెరిగాయి కనుక చైను ఒక అంగుళం పెంచాం. ఇందాక చెప్పిన 26 కిలోల తోపు 21న్నరకి దిగింది. దాదాపు అయిదో వంతు తగ్గింది. సీటు ఎత్తు కూడా సరిచేశాం. పెడలు కిందికి ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. చాలామంది సీటు బాగా కిందికి దింపుకుంటారు. భయం తగ్గుతుంది గాని, మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది.

మొదటి వారం కాలనీలో పది నిమిషాలు. తరువాత ఇరవై. నాలుగో నెలలో ఆయన మళ్ళీ పూర్ణా మార్కెట్టుకి వెళ్ళారు. మోకాలు నొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఇప్పటికీ చలికాలం పొద్దుటిపూట పట్టేస్తుందంటారు. అయితే గుమ్మం దాటారు. మరో ఏడాదికి ఇద్దరం సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కాం. ఆయన సగానికి పైగా సైకిలు నడిపించుకునే వచ్చారు. పైన కాసేపు చెట్టునీడన కూర్చున్నాక, "మీ వదిన ఉండగా ఎప్పుడూ బస్సులోనే వచ్చాం. నువ్వు సైకిలు మీద తీసుకుపోతే నేనూ వస్తాననేది" అన్నారు. వదినగారు పోయిన తరువాత ఆవిడ ప్రస్తావన ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఆ రోజు చాలాసేపు మాట్లాడారు. దిగేసరికి మధ్యాహ్నం దాటింది.

నా సంగతి కొంచెం చెబుతాను. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "నాన్నగారూ, ఆ సైకిలు అమ్మేయండి, బ్యాటరీ స్కూటరు కొనిపెడతాను" అన్నాడు. "అదే డబ్బుకి గేర్ల సైకిలు కొనిపెట్టరా, ఇంకా మిగులుతుంది" అన్నాను. మా ఆవిడ మూడు షరతులు పెట్టింది: హెల్మెట్టు పెట్టుకోవాలి, చీకటి పడకముందే ఇంటికి రావాలి, కొండెక్కిన రోజు ఇద్దరైనా కలిసి వెళ్ళాలి. మూడూ పాటిస్తున్నాను.

ఆ సైకిలుకు ముందు మూడు చక్రాలు: 28, 38, 48 పళ్ళు. వెనక ఏడు: చిన్నది 14, పెద్దది 28. కొండకి ఇది కూడా నాకు బరువే అనిపించి, వెనకది 14 నుంచి 34 దాకా ఉండేది వేసుకున్నాను. పాత ఫ్రీవీలు ఊడదీయడంలో ఒక కిటుకుంది. మనం తొక్కిన ప్రతి తొక్కుడూ దాన్ని బిగిస్తూనే ఉంటుంది కాబట్టి స్పానరుతో కదలదు. ఊడదీసే పనిముట్టును వైసులో బిగించి, దాని మీద చక్రాన్ని దింపి, బస్సు స్టీరింగులా రెండు చేతులతో అపసవ్యంగా తిప్పాలి. కొత్తది వేసేముందు మరకి గ్రీజు రాయాలి. లేకపోతే మళ్ళీ తీసేవాడు మనల్ని తిట్టుకుంటాడు.

పళ్ళు పెంచితే చైను పొడవు కూడా చూసుకోవాలి. ముందు పెద్దదానికీ వెనక పెద్దదానికీ, డెరైలరులోంచి పోనివ్వకుండా చైను చుట్టి, ఆపైన ఒక అంగుళం వదలాలి. డెరైలరు మీద రెండు చిన్న స్క్రూలుంటాయి, ఎచ్ అనీ ఎల్ అనీ. ఎల్ స్క్రూ సరిగా లేకపోతే చైను పెద్ద చక్రం దాటి పుల్లల్లో పడుతుంది. ఎత్తు మీద అది జరిగితే మనిషి పడ్డట్టే. అందుకని సైకిలు స్టాండు మీద ఉండగానే చేత్తో తిప్పి చూసుకోవాలి. శబ్దం చేస్తుంటే కేబులు చివరి మరను పావు చుట్టు తిప్పి చూడండి. పావు చుట్టు చాలు.

ఈ 28కి 34 గేరులో పెడలు ఒక చుట్టుకి 1.8 మీటర్లే కదులుతాం. ఇందాకటి వాలు మీద అదే ఏడు కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 65 చుట్లు. పెడలు మీద సగటు తోపు 26 కిలోల బదులు ఎనిమిదిన్నర. మూడో వంతు. కొండ అదే, మనిషీ అతనే.

దాంతోనే కిందటేడు శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కాం. అరకు లోయ 900 మీటర్లకు పైన ఉంది. దానికన్నా ఎత్తైన గాలికొండ దాటితేగాని లోయలోకి దిగం. రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ తోటలు. కార్లో వెళ్ళినప్పుడు చూసినవే. కాని నడక కన్నా కొంచెం ఎక్కువ వేగంలో వెళుతుంటే కాఫీ పూల వాసన కూడా తెలుస్తుంది. దూరపు కొండలు నునుపంటారు. దగ్గరి కొండలు కూడా, పళ్ళు సరిగా ఉంటే, అంత గరుకేమీ కాదు.

దారిలో ఒక కుర్రాడు ఖరీదైన సైకిలు పక్కన పెట్టుకుని ఫోనుకి సిగ్నలు కోసం చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. చైను తెగింది. నా సంచీలో పిన్ను తోసే చిన్న పనిముట్టు ఉంది. పాడైన లింకు తీసేసి, చైను కలిపి, "బాబూ, చైను ఒక అంగుళం తగ్గింది. ఇంటికి చేరేదాకా ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వెయ్యకు, డెరైలరు విరుగుతుంది" అని చెప్పాను. "అంకుల్, మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. "సర్కారు నేర్పించింది నాయనా, జీతం కూడా ఇచ్చింది" అన్నాను.

ఎక్కడం గురించి ఇంత చెప్పాను గాని, ప్రమాదం దిగేటప్పుడే. ఎక్కుతూ పోగుచేసుకున్న శక్తినంతా దిగేటప్పుడు రెండు జతల బ్రేకు రబ్బర్లే మింగాలి. అది వేడిగా మారుతుంది. అదేపనిగా నొక్కి పట్టకండి. కాసేపు పట్టి, కాసేపు వదులుతూ దిగండి. మలుపుకి ముందే వేగం తగ్గించండి, మలుపులో కాదు. పాత సైకిళ్ళ ఇనప రిమ్ములు తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. వానలో ఘాట్ దిగవలసి వస్తే సైకిలు దిగి నడవండి. నడిస్తే పరువేమీ పోదు. ఈ వయసులో పడితే విరిగే తుంటి ఎముకతో పోలిస్తే పరువు చవక.

చివరిగా సభ్యులకు నా మనవి. గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరుని అడగకుండా ఎత్తులు ఎక్కవద్దు. తొక్కుతూ మాట్లాడలేకపోతున్నామంటే ఎక్కువైనట్టే, దిగి కూర్చోండి. నీళ్ళు, బెల్లంముక్కో అరటిపండో దగ్గరుంచుకోండి. షుగరు మందులు వాడేవారు మరీ ముఖ్యం. ఇంట్లో సైకిలుంటే పాతసామాన్లకి వేసేముందు ఒక్కసారి చైను కొలిచి, ఫ్రీవీలు పళ్ళు లెక్కపెట్టండి.

మనం సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మిషను మొరాయిస్తే, కొట్టిపారేయమని రాయలేదు. ఏ భాగం అరిగిందో చూసి, సరిపోయే భాగం వేసి, లోడు తగ్గించి నడిపించాం. మన ఒంటి విషయంలో మాత్రం మొదటి మొరాయింపుకే "కండెమ్డ్" అని రాసేసుకుంటున్నాం. కొన్ని పనులు వయసు వల్ల నిజంగా వదులుకోవలసిందే. అయితే వదిలేసేముందు లోడు తగ్గించి చూశామా అని ఒక్కసారి అడుగుదాం. పిల్లలు కూడా, "ఈ వయసులో ఎందుకు?" అనేముందు, "ఎలాగైతే వీలవుతుంది?" అని అడిగితే సంతోషం.

ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మా వరండాలో స్పానర్లు, వైసు, గ్రీజు డబ్బా సిద్ధంగా ఉంటాయి. ఫ్రీవీలు మీరు తెచ్చుకోవాలి, కాఫీ మా ఆవిడ ఇస్తుంది. మా మిత్రుడు కూడా ఉంటారు. బాల్సు పేర్చడంలో నాకన్నా ఆయన చెయ్యే సూటి.